మంచినీళ్ల స్నానం

ఆదివారం

ప్రియమైన పిన్నికి,

నీ పిడుగు రాస్తున్నది. ముందు కూర్చో. నిలబడి చదివితే పడిపోతావు.

తాతగారి కళ్లు పోలేదు!

సరే, మొదటినుంచి చెప్తాను, లేకపోతే "తలాతోకా లేకుండా రాస్తావేమే" అంటావు. తాతగారంటే మా అక్వేరియంలో పెద్ద తొట్టెలో ఉండే చేప. మనిషంత పొడుగు, బస్తా అంత పొట్ట, ఎవరి మీదో అలిగినట్టు కిందకి వంగిన మూతి. ఆ మూతి చూసే ఎవరో ఆ పేరు పెట్టారు. ఆయన కళ్లు రెండు నెలలుగా పాలరంగుకి తిరిగాయి. తిండి వేస్తే దాన్ని వదిలేసి పక్కనున్న రాయిని కొరుకుతున్నారు. మా డాక్టరు గారు టార్చి వేసి చూసి, "ముసలితనం. శుక్లాలు. చేసేదేం లేదు" అన్నారు. నెలాఖరుకల్లా తనంతట తాను తినకపోతే మందిచ్చి నిద్రపుచ్చేస్తారట. ఆ నిద్ర ఏ నిద్రో నీకు చెప్పక్కర్లేదు.

ఇవాళ పొద్దున్న మెట్టు మీద కూర్చుని, రబ్బరు తొడుగు వేసుకుని, ఆయన నోటికే తిండి అందిస్తున్నాను. ఆయన చూసుకోక నా చేతికి మొహమంతా రాసేశారు. తొడుగు నిండా జిగురు. దాన్ని కడుగుదామని పక్కనున్న మంచినీళ్ల బకెట్లో ముంచాను. పిన్నీ, ఒట్టు, తొడుగు మీద అంతకుముందు ఏమీ లేదు. చూస్తుండగానే నీళ్లలో తెల్లటి నువ్వుగింజలు పుట్టుకొచ్చాయి! ఒకటి, పది, యాభై. అన్నీ మెల్లగా అడుక్కి దిగాయి.

బకెట్ ఎత్తుకుని మైక్రోస్కోప్ దగ్గరికి పరిగెత్తాను. పురుగులు! బల్లపరుపుగా, ఒక చివర అతుక్కోడానికి గుండ్రటి పట్టు. ఉప్పునీళ్లలో ఉన్నంతసేపూ అవి గాజు ముక్కల్లా ఉంటాయి, కంటికి ఆనవు. తాతగారి కళ్ల మీద పరుచుకుని కూర్చున్నవి ఇవే. మంచినీళ్లలో పడేసరికి వాటి ఒంట్లోకి నీళ్లు జొరబడి, కణాలు ఉబ్బి, తెల్లబడి, పట్టు వదిలేశాయి. స్కూల్లో బంగాళాదుంపకి గుంట చేసి, అందులో పంచదార వేసి, "ద్రవాభిసరణము" అని గొంతు చించుకుని బట్టీ పట్టామే, అదే ఇది. ఉప్పు తక్కువున్న వైపునుంచి ఎక్కువున్న వైపుకి నీళ్లు నడుస్తాయి. మార్కుల కోసం చదివింది కళ్లముందు జరిగితే ఒళ్లు జలదరిస్తుంది పిన్నీ!

ఇంకో సంగతి. ఆయన అసలు ముసలివాడే కాదు. తొట్టెల్లోకి దిగి శుభ్రం చేసే మా డైవరన్నని అడిగితే, ఈ జాతి నలభై ఏళ్లు బతుకుతుందని, ఈయనకి పదిహేను కూడా నిండలేదని లెక్కేసి నాలుక కరుచుకున్నాడు. తాతగారూ తాతగారూ అని పిలిచీ పిలిచీ, కళ్లు మసకబారగానే అందరం "పాపం, వయసు" అనుకున్నాం. డాక్టరు గారితో సహా! నాకంటే చిన్నవాడికి శుక్లాలు అంటగట్టాం.

ఆయన్ని మొత్తంగా మంచినీళ్లలో ముంచితే పురుగులన్నీ రాలిపోతాయి. డాక్టరు గారు గంటసేపు నసిగి ఒప్పుకున్నారు. కానీ ఒక మాట అన్నారు. "పట్టుబట్టింది నువ్వు. చేపకేమైనా అయితే నిన్ను పర్మనెంట్ చెయ్యమని నేను పైవాళ్లకి చెప్పలేను." నా ట్రయల్ పీరియడ్ కూడా నెలాఖరుకే అయిపోతుంది. అంటే ఆయన ఉంటే నేనుంటాను. అయినా నాకు భయం లేదు, కాళ్లు నేలమీద ఆనడం లేదు.

ఏమంటావు? ఫోన్ చెయ్యకు, పోట్లాడుకుంటాం. రాయి.

నీ అల్లరి,
పిడుగు

*

బుధవారం

ప్రియమైన పిడుగుకి,

పిన్ని ముందు చెవి మెలిపెట్టి, తర్వాత ముద్దు పెట్టి రాసేది.

కూర్చోమన్నావు గానీ మా డయాలసిస్ వార్డులో నర్సు కూర్చోడం ఎప్పుడైనా చూశావా? రెండు మెషిన్ల మధ్య నిలబడే చదివాను. కిటికీ పక్క మంచం మేస్టారు "ఏమిటమ్మా నవ్వుతున్నావు" అంటే పైకి చదవాల్సొచ్చింది. ఇప్పుడు వార్డంతా మీ తాతగారి గురించే. ఒకాయన నాకు చెయ్యిచ్చి సూది గుచ్చుతున్నంతసేపూ, చేపకి ఇంజెక్షన్ ఎక్కడ చేస్తారని అడిగాడు.

నవ్వులు సరే. నువ్వు ఆగు.

నాకు చేపల గురించి తెలీదు, నీళ్ల గురించి తెలుసు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. కిడ్నీలు పాడై మా దగ్గరికి మొదటిసారి వచ్చిన మనిషి ఒంటినిండా మలినం పేరుకుని ఉంటుంది. అది ఒక్కరోజులో చేరింది కాదు, కణాలన్నీ దానికి అలవాటుపడి ఉంటాయి. ఆ రక్తాన్ని ఒకేసారి గబగబా శుభ్రం చేశామనుకో, రక్తం పలచబడుతుంది, మెదడులో మాత్రం ఆ చిక్కదనం అలాగే ఉంటుంది. ఇంకేం, నీళ్లు మెదడు కణాల్లోకి పరిగెడతాయి. తలనొప్పి, వాంతి, ఫిట్స్. అందుకే మొదటిరోజు కొంచెమే చేసి పంపించేస్తాం, ఎంత బతిమాలినా ఎక్కువ చెయ్యం. ఒంట్లో ఉప్పూ నీళ్లూ ఎంత నెమ్మదిగా మారితే అంత మంచిది. నువ్వేమో పుట్టి బుద్ధెరిగాక ఉప్పునీళ్లు తప్ప ఎరగని జీవిని ఎత్తి దబ్బున మంచినీళ్లలో వేస్తానంటున్నావు. పురుగు ఉబ్బితే చేప ఉబ్బదా?

ఇంకోటి, ఆ నీళ్లెక్కడివి? కొళాయివేనా? క్లోరిన్ చూశావా? మా మెషిన్లకి వెళ్లే నీళ్లని పొద్దున్నే పరీక్ష చెయ్యకుండా ఒక్క మనిషిని కూడా మంచం ఎక్కించం. అది రక్తంలోకి పోతే ఎర్ర కణాలు చితికిపోతాయి. మొప్పలంటే చేప రక్తం నీటికి తగిలే చోటే కదే.

మేట్రన్ గారు మా వార్డులో ఖాళీని ఒకటో తారీకు దాకా నీకోసం ఆపుతానన్నారు. నర్సింగు పాసై చేపల దగ్గర చేరావని మీ అమ్మ నాతో రోజూ దెబ్బలాట. "నువ్వే గారం చేసి చెడగొట్టావు" అంటుంది అక్క. నిన్ను వచ్చెయ్యమని అనను. ఖాళీ ఉందని చెప్తున్నానంతే.

వీటికి జవాబు దొరికేదాకా చేప మీద చెయ్యి వెయ్యకు.

మీ పిన్ని

*

మంగళవారం

బంగారు పిన్నికి,

ఆగాను. నీ ఉత్తరం వచ్చేదాకా గోళ్లు కొరుక్కుంటూ ఆగాను. వచ్చాక నాలుగుసార్లు చదివాను. నువ్వు చెప్పింది నిజం, కానీ నీ ప్రశ్నకి జవాబు నీ ప్రశ్నలోనే ఉంది పిన్నీ. ఎంతసేపు, ఎంత వేగంగా అన్నదే కదా అసలు సంగతి!

పురుగు కాగితమంత మందం. నీళ్లు తగిలిన క్షణంలోనే దాని ఒళ్లంతా చేరిపోతాయి. తాతగారికి పొలుసులు, వాటి మీద జిగురు, కింద దళసరి తోలు. నీళ్లు మొప్పల్లోంచే దూరాలి, అంత రక్తంలో కలవాలి, ఆ తర్వాత కదా మెదడు. అసలు ఆయన రక్తంలో ఉప్పు సముద్రంలో ఉన్నదాంట్లో మూడో వంతే. అందుకని పుట్టినప్పటినుంచీ సముద్రం ఆయన ఒంట్లో నీళ్లు గుంజుకుంటూనే ఉంది. ఆయన ఉప్పునీళ్లు తాగుతూ, అందులో ఉప్పుని మొప్పల్లోంచి బయటికి నెడుతూ బతుకుతున్నారు. ఒక్క క్షణం తీరిక లేదు. అంత ఒడుపున్న ఒళ్లు కాసేపు ఎదురుగాలి తట్టుకోలేదా? తట్టుకుంటుందనే నా నమ్మకం. పురుగు ప్రాణానికీ ఆయన ప్రాణానికీ మధ్య అయిదు నిమిషాల తేడా ఉంది. మా స్నానం ఆ తేడాలోనే అయిపోవాలి.

క్లోరిన్ మాట మాత్రం నీదే గెలుపు. నువ్వు రాయకపోతే ఒక్కసారి చూసి వదిలేసేవాళ్లం. మందు కలిపాక మళ్లీ పరీక్ష చేస్తే ఇంకా కొంచెం ఉంది! మళ్లీ కలిపాం, మళ్లీ చూశాం. తొట్టెలో నీళ్ల వెచ్చదనమే ఈ మంచినీళ్లకీ ఉండేలా చేశాం. పీహెచ్ కూడా తొట్టె నీళ్లతో కలవాలని వంటసోడా వేశాం. గాలి గొట్టాలు పెట్టాం.

ఇక విను. నలుగురం గుడ్డ స్ట్రెచర్‌లో ఆయన్ని ఎత్తి, టార్పాలిన్ పరిచి కట్టిన మంచినీళ్ల మడుగులోకి దింపాం. దిగగానే కర్రలా బిగుసుకుపోయారు. డాక్టరు గారి చెయ్యి ఆయన తోక మీద, కళ్లు గడియారం మీద. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. కాసేపటికి ఆయన ఒక పక్కకి ఒరిగిపోయారు. డాక్టరు గారు "తియ్యండి, తియ్యండి!" అని అరిచారు. డైవరన్న స్ట్రెచర్ పట్టుకున్నాడు. అప్పుడు చూశాను పిన్నీ. పాలరంగు కన్ను మీద ఒక చుక్క ఇంకా తెల్లబడింది. దాని పక్కన ఇంకోటి. కన్నంతా పొక్కినట్టయింది. ఒక పెళ్ల అలా జారి ఊడిపోయింది. దాని కింద నల్లటి కనుపాప! మెరుస్తూ!

"సార్, కన్ను!" అన్నాను. డాక్టరు గారు వంగి చూశారు. ఇందాక తియ్యమని అరిచిన మనిషి "ఆగండి, ఆగండి, ఒక్క క్షణం" అని గుసగుసలాడుతున్నారు. మడుగు అడుగంతా తెల్లగా రవ్వ చల్లినట్టయిపోయింది. ఆయన ఒంటి మీద అన్నున్నాయని మాలో ఒక్కరికీ తెలీదు.

తిరిగి తొట్టెలో వేశాక కాసేపు ఊగి, తేరుకుని, రాతి వెనక్కి వెళ్లి అలిగి కూర్చున్నారు. తడినేల మీద గంతులేసి జారి నేను ఖాళీ బకెట్లో కూలబడ్డాను. అందరూ చప్పట్లు. మేస్టారికి చెప్పు. వార్డంతా చెప్పు. ఇవాళ నేను ఈ భూమ్మీద అందరికంటే ఎత్తుగా ఉన్నాను.

నీ గొప్ప,
పిడుగు

*

శనివారం

పిన్నికి,

మళ్లీ వచ్చాయి.

కళ్లు మళ్లీ మసకేశాయి. మడుగులో రాలింది పెద్ద పురుగులు మాత్రమే. అవి అంతకుముందే పెట్టిన గుడ్లు తొట్టెలో వలకీ రాళ్లకీ దారాల్లా చుట్టుకుని ఉన్నాయి. గుడ్డు పెంకులోకి నీళ్లు దూరవు, మంచినీళ్లయినా ఉప్పునీళ్లయినా వాటికొకటే. అవి పగిలి, పిల్లలన్నీ తిన్నగా ఆయన మీదికే. మేం ఆయన్ని శుభ్రం చేసి తీసుకెళ్లి వాటి మధ్యలోనే వదిలాం. ఇది ముందే తోచాల్సింది. గంతులేసే హడావుడిలో నాకు తోచలేదు.

ఇప్పుడు ఆయన చేత్తో పెట్టినా తినడం లేదు. పక్కలెముకలు కనిపిస్తున్నాయి. ఇంకోసారి ముంచుదామంటే డాక్టరు గారు ఒప్పుకోలేదు. "అప్పుడు బలముంది కాబట్టి ఓర్చుకుంది. ఇప్పుడు ముంచితే మన చేతులతో మనం చంపినట్టే. వచ్చేవారం నిద్రపుచ్చేద్దాం" అన్నారు. ఆయన కోపంగా అన్నా బాగుండేది. జాలిగా అన్నారు.

నాకు తిరిగి అడిగే మొహం లేదు. మేట్రన్ గారితో ఖాళీ నాకోసం ఉంచమని చెప్పు. ఒకటో తారీకుకి వచ్చేస్తాను. అమ్మకి నువ్వే చెప్పు, నేను చెప్పలేను.

పిడుగు

*

సోమవారం

ప్రియమైన పిడుగుకి,

నీ ఉత్తరం ఇవాళే అందింది, ఇవాళే రాస్తున్నాను, అర్జెంటు పోస్టులో వేస్తున్నాను.

మొదటిసారి వద్దన్నదాన్ని నేనే. ఇప్పుడు చెప్తున్నాను, మళ్లీ ముంచు.

కిటికీ పక్క మేస్టారు మా దగ్గరికి ఏడేళ్లుగా వస్తున్నారు. వారానికి మూడుసార్లు. పొద్దున్న ఒళ్లు ఉబ్బి, అడుగు తీసి అడుగు వెయ్యలేక వస్తారు. మధ్యాహ్నానికి నాతో పరాచికాలాడుతూ వెళ్తారు. రెండురోజులకి మళ్లీ ఉబ్బి వస్తారు. అప్పుడు మేం "అయ్యో, మళ్లీ వచ్చిందే, మనం ఓడిపోయాం" అనుకున్నామా? అలా అనుకుంటే ఆయన మొదటి వారమే పోయేవారు. మా వార్డులో ఒక్కసారితో బాగుపడ్డవాళ్లు ఒక్కరూ లేరే. ఇక్కడ గెలుపంటే మళ్లీ సమయానికి మంచం సిద్ధంగా ఉంచడమే.

నీరసించినవాళ్లకి డయాలసిస్ మానేస్తామా? మానెయ్యం. తగ్గించి చేస్తాం. కాసేపు చేసి, మొహం చూస్తూ, నాడి చూస్తూ, చాలనిపించగానే ఆపుతాం. మీరూ అంతే చెయ్యండి. అయిదు నిమిషాలు ఓర్చుకోలేకపోతే రెండు నిమిషాలు చాలు. ఇప్పుడున్నవి పిల్లపురుగులేనంటున్నావుగా, నువ్వు చెప్పిన లెక్కలోనే అవి ఇంకా తొందరగా ఉబ్బుతాయి కదా? ఉబ్బుతాయో లేదో నాకు తెలీదు, నువ్వు చూసి చెప్పు. గుడ్ల సంగతి నువ్వే ఆలోచించు, అది నీ పని.

ఇక ఖాళీ సంగతి. పొద్దున్నే మేట్రన్ గారితో చెప్పేశాను, మా పిల్ల రాదు, ఇంకెవరికైనా ఇచ్చెయ్యండని. ఇచ్చేశారు కూడా. కొత్తమ్మాయి ఎల్లుండి చేరుతోంది. నువ్వు వచ్చి చేరడానికి ఇక్కడ స్టూలు కూడా లేదు. ఏడిస్తే ఏడువు, తిడితే తిట్టు, ఉత్తరం మడిచి డాక్టరు గారి దగ్గరికి నడు.

మీ పిన్ని

*

ఆదివారం

ప్రియాతిప్రియమైన, రాక్షసి పిన్నికి,

ఈసారి నిజంగా కూర్చో. మేస్టారిని కూడా లేచి కూర్చోమను.

నీ ఉత్తరం చదివి ముందు తిట్టాను. మెట్ల మీద కూర్చుని బాగా తిట్టాను. ఎక్కడికీ పోవడానికి లేకుండా చేసిందని ఏడ్చాను కూడా. తర్వాత మొహం కడుక్కుని డాక్టరు గారి గదికి వెళ్లి, మేస్టారి ముక్క చదివి వినిపించాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఏడేళ్లా?" అన్నారు. "ఏడేళ్లు సార్" అన్నాను. "అయితే మడుగు నింపండి" అన్నారు.

రెండు నిమిషాలే ముంచాం. నువ్వన్నట్టే పిల్లపురుగులు తగలగానే ఉబ్బి రాలాయి, పొడి రాలినట్టు! ఈసారి ఆయన్ని పెద్ద తొట్టెలో వెయ్యలేదు. వెనక గదిలో ఖాళీ తొట్టెకి ఉప్పునీళ్లు పట్టి అందులో వేశాం. నాలుగురోజులాగి మళ్లీ ముంచి ఇంకో తొట్టెలోకి మార్చాం. పెద్ద తొట్టెలో మిగిలిన చేపలకీ వరసగా స్నానాలు చేయించాం, దాన్ని పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టాం. గుడ్లు ఎండి చావాల్సిందే. డైవరన్న నడుము పట్టేసి ఇప్పటికీ వంగే నడుస్తున్నాడు.

నిన్న ఈ విడతలో మూడోసారి ముంచాం. అందరం మడుగు చుట్టూ వంగి చూస్తున్నాం. అడుగున నీలంరంగు టార్పాలిన్, అంతే. ఒక్క తెల్ల చుక్క లేదు! ఒక్కటంటే ఒక్కటి లేదు పిన్నీ! కొత్త ఉప్పునీళ్లు పట్టిన పెద్ద తొట్టెలోకే ఆయన్ని మళ్లీ దింపాం.

ఇవాళ పొద్దున్న తిండి పళ్లెంతో తొట్టె దగ్గరికి వెళ్లాను. పళ్లెం ఇంకా నా చేతిలోనే ఉంది, నీళ్లలో వెయ్యలేదు. ఆయన రాతి దగ్గరనుంచి ఇటు తిరిగారు. నేను అద్దం వెంట ఎడమకి నడిచాను, ఎడమకి వచ్చారు. కుడికి నడిచాను, కుడికి వచ్చారు. పరిగెత్తాను, పరిగెత్తి వచ్చారు! చివరికి తిండి వెయ్యగానే అంత పెద్ద నోరు తెరిచి ఒక్క గుక్కలో మొత్తం మింగి, ఇంకా పెట్టమని మూతి వేలాడేశారు. కుడికన్ను మీద చిన్న మచ్చ మిగిలింది, అది ఉండిపోతుందట. ఉండనీ.

డాక్టరు గారు నా పర్మనెంట్ కాగితం మీద సంతకం పెట్టేశారు. ఆ సీటులో చేరిన కొత్తమ్మాయికి నా తరఫున స్వీట్లు పెట్టు.

నీ పర్మనెంట్,
పిడుగు

*

గురువారం

ప్రియమైన పిడుగుకి,

మేస్టారు చప్పట్లు కొడితే మెషిన్ అలారం మోగింది. సూది ఉన్న చెయ్యి కదిలించారని నేను తిట్టాను, ఆయన ఇంకో చెయ్యి తొడ మీద కొట్టారు. అక్కకి కూడా చదివి వినిపించాను. "చేప పరిగెత్తిందా?" అని రెండుసార్లు అడిగింది. రెండోసారి నవ్వింది.

స్వీట్లు పెట్టడానికి కొత్తమ్మాయి లేదే.

ఆ రోజు నేను మేట్రన్ గారి గదికే వెళ్లలేదు. నీ ఉత్తరం చదివాక నాకు ఒక్కటే తోచింది. ఇక్కడ చోటుందని తెలిస్తే నువ్వు ఆ చేపని వదిలేసి వస్తావు, వచ్చి మంచి నర్సువే అవుతావు, కానీ మళ్లీ ఎప్పుడూ నీళ్ల బకెట్ చూసి పరిగెత్తవు. అందుకని లేదని రాశాను. నీకు నేను చెప్పిన మొదటి అబద్ధం అది. నాలుగు మాటలు రాయడానికి మూడు కాగితాలు చింపాను. ఆ చేప పోయుంటే, ఒకటో తారీకున నువ్వు తల వంచుకుని వచ్చుంటే, నీ సీటు నీకు ఉండేది. నేను గేటు దగ్గరే నిలబడేదాన్ని.

ఇవాళ మధ్యాహ్నం మేట్రన్ గారి గదికి వెళ్లి, మా పిల్ల రాదండీ, అక్కడే ఉంటుందండీ అని చెప్పి వచ్చాను. అదే మాట మూడుసార్లు చెప్పాను. ఆవిడ నీళ్లిచ్చారు.

వచ్చే నెల నాలుగు రోజులు సెలవు పెట్టాను. అక్క కూడా వస్తానంటోంది. మమ్మల్ని ఆ అద్దం దగ్గర నిలబెట్టి పళ్లెం నా చేతికియ్యి, ఆయన నా వెంట కూడా వస్తాడేమో చూస్తాను.

మీ పిన్ని